గేటు దాటాక

ఆడపిల్లల హాస్టల్ మేట్రన్‌కు పిల్లలు పెట్టిన పేరు భూతద్దం. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలిసి కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. ఎందుకంటే ఆవిడ బల్ల సొరుగులో నిజంగానే ఒక భూతద్దం ఉంది. సెలవులకు పిల్లను తీసుకెళ్లడానికి ఎవరొచ్చినా, చేరేటప్పుడు ఫారం మీద పెట్టిన సంతకాన్నీ, ఇప్పుడు గేటు పాసు మీద పెట్టిన సంతకాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి ఆ అద్దంలోంచి చూసేది. ఫారం మీద ఫొటో ఉండాలి, ఫొటోలోని మనిషే ఎదురుగా నిలబడాలి. కొత్తగా గడ్డం పెంచుకొచ్చిన ఒక తండ్రిని, "మీరు మీరేనని నాకు నమ్మకం కుదరాలి కదండీ," అంటూ గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టింది. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఒక్క పిల్లను కూడా పరాయి మనిషి చేతిలో పెట్టలేదు. ఆ మాట ఆవిడ ఎవరికీ చెప్పుకునేది కాదు గానీ, రోజుకు ఒకసారైనా తనకు తాను చెప్పుకునేది.

మర్నాటి నుంచి పన్నెండు రోజులు సెలవులు. పై అంతస్తుల నుంచి పెట్టెలు దడదడమంటూ మెట్లు దిగుతున్నాయి. ఎవరి చెప్పులు ఎవరివో తేలక వరండాలో చిన్నపాటి యుద్ధం జరుగుతోంది. ఆ గోల మధ్య మేట్రన్ గేటు పాసులను గది నంబర్ల వారీగా పేర్చుకుని, ఒక్కోదానికి గుండుసూది గుచ్చుతోంది.

పద్నాలుగో గది పిల్ల వచ్చి బల్ల ముందు నిలబడింది. రెండో సంవత్సరం చదువుతోంది. సన్నగా, పొడుగ్గా, నడుము దాటిన జడతో ఉంటుంది. పెద్దగా మాట్లాడే పిల్ల కాదు. ఈ హాస్టల్లో మీకు తలనొప్పి తేని పిల్ల ఎవరని అడిగితే మేట్రన్ మొదట ఆ పిల్లనే చూపించేది.

"మేడం, ఈ సెలవులకి నేనిక్కడే ఉండొచ్చా?"

"ఎక్కడుంటావు? ట్యాంకు కడిగిస్తున్నాను. రేపట్నుంచి సున్నం కొట్టేవాళ్లొస్తారు. సున్నం డబ్బాల మధ్య పడుకుంటావా?"

"సిక్‌రూంలో పడుకుంటాను. పరుపులు లెక్కపెడతాను. వంటక్కకి సాయం చేస్తాను. మీకు ఫారాలు సర్దిపెడతాను."

"అంత సేవ ఎందుకంట?"

"చదువుకోవాలి మేడం."

"పరీక్షలకి ఇంకా రెండు నెలలుంది." మేట్రన్ గుండుసూదుల డబ్బా పక్కకు జరిపింది. సెలవులకు ఇంటికి వెళ్లనన్న పిల్లల్ని ఆవిడ ఇంతకుముందు అయిదారుగుర్ని చూసింది. అందరిదీ ఒకటే కథ. గొంతు తగ్గించి, "చూడు తల్లీ, నా దగ్గర దాచకు. ఎవరబ్బాయి?" అంది.

పిల్ల తెల్లబోయింది. "అబ్బాయా? అలాంటిదేం లేదు మేడం."

"లేకపోతే ఇంటికెళ్లడానికి ఇంత ఏడుపు మొహమేమిటి? అమ్మ చేతి అన్నం తిని, కంటినిండా నిద్రపోయి రా. ఇంటికంటే భద్రమైన చోటు ఇంకెక్కడుంటుంది?"

పిల్ల చొక్కా ముంజేతి దగ్గర గుండీ పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. తర్వాత బల్ల మీదికి కాస్త వంగి, "అయితే మేడం, నా ఫారం మీద నాన్న తర్వాత అన్నయ్య పేరుంది కదా. అది కొట్టేస్తారా? నాన్న వస్తేనే నన్ను పంపండి," అంది.

మేట్రన్ నవ్వింది. "అమ్మ దొంగా! మీ నాన్నకి తీరిక ఉండదని నాకూ తెలుసు. అన్న పేరు కొట్టేస్తే ఇంకెవరూ రాలేరు, నువ్విక్కడే ఉండిపోవచ్చు. అంతేనా? సంతకం పెట్టినవాళ్లే పేరు తీయించాలమ్మా. మీ నాన్నగారు చెప్పాలి."

"నాన్నకి తెలియకుండా కుదరదా?"

"మీ ఇంట్లో తెలియకుండా నేను గడ్డిపరక కూడా కదపను."

"అయితే వద్దులెండి మేడం. అలాగే ఉండనివ్వండి. నేనడిగానని మాత్రం ఎవరికీ చెప్పకండి."

పిల్ల వెళ్లిపోయింది. మేట్రన్ ఆలోచించింది. సొంత అన్నను రానివ్వకూడదంటోందంటే, ఆ అబ్బాయి ఎవడో అన్నకు తెలిసిపోయి ఉంటాడు. వేరే కారణం ఆవిడకు తట్టలేదు. ఫారం మీద మార్పు అడిగిన పిల్ల సంగతి అదే రోజు ఇంట్లో చెప్పి తీరాలన్న రూలు ఆవిడే రాసింది, ఆవిడే అట్టకు అంటించి గోడకు తగిలించింది. ఫోన్ దగ్గరకు లాక్కుని నంబరు నొక్కింది.

తండ్రి అంతా విని పెద్దగా ఆశ్చర్యపోలేదు. "అన్న పేరే తీసేయమందా? మంచిదమ్మా. చెప్పి మంచి పని చేశారు," అన్నాడు.

మేట్రన్ ఫారం మీద చిన్న టిక్కు పెట్టి పదిహేనో గది కాగితాలు అందుకుంది.

మర్నాడు పొద్దున్నే అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నీటుగా దువ్విన తల. మోటార్లకు తీగ చుట్టే పని చేస్తాడు కాబోలు, వేలి కొసలు మాత్రం నల్లగా ఉన్నాయి. ఆఫీసుకని ఒక సంచీ నిండా యాపిల్ పళ్లు తెచ్చాడు. నిలబడి మాట్లాడాడు, కూర్చోమన్నాకే కూర్చున్నాడు. ఇలాంటి అన్న ఉంటే ఆడపిల్లకు ఇంకేం కావాలి అనుకుంది మేట్రన్. పాసు మీద అతను చేసిన సంతకాన్ని అద్దంలోంచి చూసింది. చివర్లో తోక తిరిగిన తీరు దగ్గర్నుంచి అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

పిల్ల బట్టల సంచీతో దిగివచ్చింది. మిగతా పిల్లలు పెట్టెలకు పెట్టెలు మోసుకెళ్తుంటే ఆ పిల్ల చేతిలో ఒక్క గుడ్డ సంచీయే ఉంది.

"మీరు ఫోన్ చేశారని నాన్న చెప్పారు మేడం," అన్నాడు అన్న నవ్వుతూ. "మీలాంటివాళ్లు ఉండబట్టే మేం నిశ్చింతగా ఉన్నాం."

పిల్ల తలెత్తి మేట్రన్ మొహంలోకి చూసింది. కోపం లేదు ఆ చూపులో, నిష్ఠూరం కూడా లేదు. పరీక్ష రాసి బయటికొచ్చాక తప్పు రాశానని తెలిసిన పిల్ల చూసినట్టు చూసింది. తర్వాత రిజిస్టర్లో తన పేరు ఎదురుగా సంతకం పెట్టింది. గీత వంకరపోయింది. పిల్లల సంతకాలు సరిచూడాలన్న రూలు లేదు కాబట్టి మేట్రన్ అద్దం తీయలేదు.

వాళ్లు గేటు దాటాక, గేటు దగ్గర కూర్చునే ముసలి వాచ్‌మన్ లోపలికొచ్చి, "ఆ అబ్బాయేంటమ్మా, చెల్లెల్ని దొంగని పట్టుకెళ్లినట్టు రెక్క పట్టుకుని తీసుకెళ్తున్నాడు?" అన్నాడు.

"బస్సుకి వేళవుతోందేమోలే తాతా," అంది మేట్రన్.

మధ్యాహ్నానికి హాస్టల్ ఖాళీ అయింది. వంటామె పెద్ద గిన్నెలన్నీ తోమి బోర్లించి, తనూ ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "మేడం, పద్నాలుగో గది పిల్ల మొన్న నా దగ్గరికొచ్చి, అక్కా, పన్నెండు రోజులు మీ ఇంట్లో ఉంటాను, నీ పిల్లలకి పాఠాలు చెప్తాను అంది. మా ఇంట్లో మాకే కాళ్లు చాపుకోడానికి చోటు లేదే పిల్లా అని నవ్వేశాను. నిన్నట్నుంచీ ఎందుకో మనసు మనసులో లేదు."

"ఏదో సరదాకి అని ఉంటుంది."

"సరదాకి అన్న మొహం కాదు మేడం అది," అని వంటామె చెప్పులేసుకుంది.

సున్నం కొట్టేవాళ్లు రాకముందే గదులు చూసుకోవాలి. మేట్రన్ తాళాల గుత్తి పట్టుకుని ఒక్కో గదీ తెరుస్తూ, పరుపులు లెక్క రాసుకుంటూ, కిటికీ గడియలు వేసుకుంటూ పద్నాలుగో గదికొచ్చింది. కిటికీ పక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది. అలమరకు తాళం లేదు. తెరిస్తే లోపల పిల్ల పుస్తకాలు, పదో తరగతి నుంచీ వచ్చిన సర్టిఫికెట్లు, చిన్నప్పటి బహుమతి కప్పు, కొత్త బట్టల జత, అన్నీ వరుసగా సర్ది పైన ఒక తువ్వాలు కప్పి ఉన్నాయి. సెలవులకు వెళ్లే పిల్లలు విలువైనవన్నీ ఇంటికి పట్టుకెళ్తారు. ఈ పిల్ల విలువైనవన్నీ ఇక్కడ వదిలి వెళ్లింది.

మేట్రన్ మంచం అంచున కూర్చుంది. ఏదో గుర్తుకొచ్చీ రానట్టు ఉంది. లేచి సిక్‌రూంలోకి వెళ్లి మందుల రిజిస్టర్ తీసింది. ఎవరికి ఏం జబ్బు, ఏం మందు ఇచ్చారు, అన్నీ అందులో రాస్తుంది. పేజీలు వెనక్కి తిప్పింది. కిందటి సెలవులయ్యాక హాస్టల్ తెరిచిన రోజు: పద్నాలుగో గది, వేడినీళ్లు ఒలికాయి, ముంజేయి. అంతకుముందు సెలవులయ్యాక మర్నాడు: పద్నాలుగో గది, తలుపు తగిలింది, కనుబొమ దగ్గర. మొదటి సంవత్సరం సెలవులయ్యాక: పద్నాలుగో గది, మెట్ల మీద జారింది, మోచేయి వాపు. మూడూ తన గుండ్రటి అక్షరాలే. ఒక్క కొట్టివేత లేదు.

మూడోసారి మందు రాస్తూ తను అన్న మాట కూడా ఆవిడకు గుర్తొచ్చింది. "మీ ఇల్లు నీ మీద పగబట్టిందా ఏమిటే?" అంటే గదిలో పిల్లలంతా గొల్లున నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది.

మేట్రన్ అక్కడే బల్లను పట్టుకుని నిలబడిపోయింది. సున్నం మేస్త్రీ వచ్చి, "ఏ గదితో మొదలుపెట్టమంటారమ్మా?" అని రెండుసార్లు అడిగాడు.

సాయంత్రం ఫోన్ చేసింది. పడుకుందన్నాడు తండ్రి. మర్నాడు చేసింది. స్నానానికెళ్లిందన్నాడు. మూడో రోజు అన్న తీశాడు. గొంతులో అదే మర్యాద. "పిల్లకి ఇంక చదువు చాలనుకుంటున్నాం మేడం. సెలవులయ్యాక నేనొచ్చి సామాను తీసుకెళ్తాను. సంతకం నాది మీ దగ్గర ఉంది కదా."

"ఒకసారి ఫోన్ ఇవ్వండి, మాట్లాడతాను."

"దానికి మాట్లాడాలని లేదు మేడం."

ఆవిడ కట్టుకున్న చీర మార్చకుండానే ప్రిన్సిపాల్ ఇంటికి వెళ్లింది. ప్రిన్సిపాల్ మంచివాడే. మందుల రిజిస్టర్ చూశాడు, అయ్యో అన్నాడు, అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పిల్ల మనకి ఏమన్నా రాసిచ్చిందా?"

"లేదు."

"పోనీ నోటితో చెప్పిందా?"

"నేను చెప్పనివ్వలేదు సార్."

"చూడండి మేడం, పోలీసులకి చెబుదామన్నా ఏమని చెప్తాం? మూడుసార్లు కిందపడిందనా? తండ్రికి చెప్పారు, ఫొటో చూశారు, సంతకం చూశారు. మీ వైపు ఒక్క లోపం లేదు. గేటు దాటాక మన బాధ్యత కాదు. మీరు మనసు పాడుచేసుకోకండి."

ఆ మాటే వేరే రోజైతే ఆవిడకు ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు చెంప మీద కొట్టినట్టుంది. హాస్టల్ ఆఫీసుకొచ్చి టైపు మిషను ముందు కూర్చుంది. గది ఖాళీ చేయదలచిన విద్యార్థిని తానే స్వయంగా హాజరై, మేట్రన్ సమక్షంలో సామాను అప్పజెప్పించుకుని సంతకం చేయవలెను, తండ్రి గాని సోదరుడు గాని చేసిన సంతకం చెల్లనేరదు, అయిదు రోజులలో రానిచో కాలేజీ తరపున విచారణ జరుగును అని కొట్టింది. కింద హాస్టల్ గుండ్రటి ముద్ర వేసింది. అలాంటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు. పంతొమ్మిదేళ్లలో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అది. దాన్ని కూడా మార్జిన్ వదిలి నీటుగా టైపు చేసింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సెక్కి, ఫారం మీది చిరునామా పట్టుకుని అడుగుతూ అడుగుతూ పదిన్నరకు ఆ ఇంటికి చేరింది. ఇరుకు వీధి. ఇనుప మెట్ల మీదుగా పైకి వెళ్తే రెండు గదుల వాటా. గుమ్మం పక్కన చాప మీద పిల్ల తల్లి కూర్చుని ఉంది. ఒక పక్క గుండీలు లేని చొక్కాల గుట్ట, ఇంకో పక్క గుండీలు కుట్టిన గుట్ట. బట్టల ఫ్యాక్టరీ పని ఇంటికి తెచ్చుకున్నట్టుంది. మేట్రన్ తనెవరో చెప్పింది. తల్లి తలెత్తి చూసింది గాని చేయి ఆపలేదు. సూది గుండీలోంచి నాలుగుసార్లు ఎక్కి దిగింది, దారం పళ్లతో కొరికింది, ఇంకో చొక్కా తీసుకుంది.

"ఫోన్ చేసింది మీరేనా?"

"నేనే."

"ఆ రోజు దీని అన్న ఏమన్నాడో తెలుసా? బయటివాళ్ల ముందు నన్ను దొంగని చేసింది, పరాయివాళ్ల చేత నాన్నకి ఫోన్ చేయించింది అన్నాడు. ఇంతకుముందు కోపమొస్తే కొట్టేవాడు. ఈసారి కోపం లేకుండా కొట్టాడు." తల్లి గొంతు ఎత్తలేదు. అలవాటైన మనిషి బజారు సంగతులు చెప్పినట్టు చెప్పింది. "వాళ్ల నాన్న చూస్తూ కూర్చున్నారు. పెద్దవాడు చెల్లెల్ని భయంలో పెడుతున్నాడట."

మేట్రన్ సంచీలోంచి కాగితం తీసి ఇచ్చింది. తల్లి సూదిని చీర కొంగుకు గుచ్చుకుని, కాగితం మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కింది దాకా చదివింది. చదివి, మేట్రన్ కళ్లలోకి సూటిగా చూసింది.

"ఇలాంటి రూలు లేదు కదూ?"

"లేదు."

"వాడు నమ్ముతాడంటారా?"

"ముద్ర ఉంది. విచారణ అన్న మాట ఉంది. రెండు మూడు రోజులు నమ్మినా చాలు. ముందు డాక్టరుకి చూపిస్తాను, రాయించుకుంటాను. మా ఇంట్లో నా దగ్గరే ఉంటుంది. తర్వాత ఏం చేయాలో పిల్ల చెప్పినట్టు చేస్తాను."

తల్లి గోడకున్న గడియారం వైపు చూసింది. "వాడు ఒంటిగంటకి అన్నానికొస్తాడు. తొందరగా తీసుకెళ్లండి."

"మరి మీరు?"

"నేను గుండీలు కుట్టాలి," అంది తల్లి. లేచి లోపలి గది తలుపు గొళ్లెం తీసింది. గొళ్లెం బయటివైపు ఉంది.

పిల్ల బయటికొచ్చింది. కింది పెదవి చిట్లి ఎండి ఉంది. కుడిచేతి వేళ్లకు పాత గుడ్డ చుట్టి ఉంది. జడ లేదు. ఎక్కడికీ కదలకుండా ఉండాలని అన్న జుట్టు కత్తిరించేశాడు కాబోలు, ఒక పక్క చెవి దాకా, ఇంకో పక్క మెడ దాకా ఉంది. దాన్ని సమం చేద్దామని తల్లి దారాల కత్తెరతో ప్రయత్నించి మధ్యలో వదిలేసినట్టుంది. మేట్రన్ రెండు చేతులూ తనకు తెలియకుండానే ముందుకు చాపింది.

పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది. తల్లి వైపు తిరిగి, "ఈవిడతోనా అమ్మా?" అంది.

ఆ రెండు మాటలకు మేట్రన్ చేతులు దిగిపోయాయి.

"ఇంకెవరొస్తారే మనకి?" అంది తల్లి. ఒక చున్నీ తెచ్చి పిల్ల తల మీద కప్పి, చెవుల పక్కన సర్ది, గడ్డం కింద ముడి వేసింది. చిన్న పిల్లను బడికి తయారుచేసినట్టు ముక్కు దగ్గర తన కొంగుతో తుడిచింది. "పో. వెనక్కి చూడకు. ఫోన్ మాత్రం చేయకండి మేడం, మీకు దణ్ణం పెడతాను."

వాళ్లు ఇనుప మెట్లు దిగేసరికి పైనుంచి దారం పుటుక్కున తెగిన చప్పుడు వినిపించింది. తల్లి మళ్లీ పనిలో కూర్చుంది.

బస్సు సగం ఖాళీగా ఉంది. మేట్రన్ ఇద్దరు పట్టే సీటు చూపించింది. పిల్ల దాన్ని దాటి ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. మేట్రన్ వెనక సీట్లో కూర్చుంది. చున్నీ కాస్త జారి, కత్తెర గీరుకున్న మెడ కనిపిస్తోంది. బస్సు వెనక మోటారు సైకిల్ చప్పుడైనప్పుడల్లా పిల్ల కిందికి వంగింది.

"నాదే తప్పు తల్లీ," అంది మేట్రన్ చివరికి. "చెప్పొద్దన్నావు. చెప్పాను."

పిల్ల వెనక్కి తిరగలేదు. "ఎవరబ్బాయి అని అడిగారు మేడం మీరు," అంది.

"అవును."

"మూడుసార్లు నాకు మందు రాశారు. ఎవరు కొట్టారే అని ఒక్కసారి అడుగుతారేమోనని, మూడుసార్లూ గదిలో అందరూ వెళ్లిపోయేదాకా నిలబడ్డాను. మీరు రిజిస్టర్ మూసేసి, ఇంకా ఏం కావాలి అన్నారు."

ఏడవడానికి కూడా తనకు హక్కు లేదనిపించి మేట్రన్ పెదవులు బిగబట్టుకుంది. అయినా కన్నీళ్లు ఆగలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని తల వంచుకుంది.

కండక్టరు టికెట్ల పుస్తకం పట్టుకుని ఊగుతూ వచ్చాడు. వెనక ఏడుస్తున్న పెద్దావిణ్ణి, ముందు బిగుసుకు కూర్చున్న పిల్లనూ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరూ ఒకటేనా అమ్మా?"

మేట్రన్ నోరు తెరిచి ఆగింది. ఆ మాట చెప్పాల్సింది తను కాదనిపించింది. పిల్ల కిటికీలోంచి చూపు తిప్పకుండా కాసేపు ఆలోచించింది.

"ఊరొకటే," అంది.

కండక్టరు రెండు టికెట్లు చింపి, ఒకటి ముందు సీట్లో, ఒకటి వెనక సీట్లో ఇచ్చి వెళ్లిపోయాడు.